2025-26 వార్షిక నివేదిక: హాజరు పట్టీ మళ్లీ తెరిచిన సంవత్సరం

సభ్యులందరికీ నమస్కారం.

2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు మన కాలనీ సంక్షేమ సంఘం చేసిన పనులు, చేయలేకపోయిన పనులు ఈ నివేదికలో మీ ముందు ఉంచుతున్నాను. ఏటా కాలువలు, దీపాలు, రోడ్ల గురించే ఎక్కువగా రాస్తాం. ఈసారి వాటిని నాలుగు మాటల్లో ముగించి, మిగిలిన చోటంతా ఒక్క విషయానికి కేటాయిస్తున్నాను. అది మన సంఘం చేసిన తప్పు. దాన్ని కప్పిపుచ్చుకునే హక్కు కార్యవర్గానికి లేదు.

వానలకు ముందే పక్క కాలువల్లో పూడిక తీయించాం. మూడో వీధి దీపాల కోసం ఇచ్చిన అర్జీకి ఆరు నెలలకు ఫలితం వచ్చింది. వేసవిలో పైపుల రోడ్డు మలుపు దగ్గర చలివేంద్రం నడిపాం. మధ్యాహ్నం ఎండలో పార్శిళ్లు తెచ్చే కుర్రవాళ్లు ఆగి నీళ్లు తాగేది అక్కడే కాబట్టి ఈసారి పైన పరదా కట్టించి, రెండు బల్లలు కూడా వేయించాం. చందాల వసూలు దాదాపు పూర్తిగా ఫోను చెల్లింపుల్లోకి మారింది. రసీదు వెంటనే చేతికి వస్తోంది, కోశాధికారి ఇల్లిల్లూ తిరగాల్సిన పని తప్పింది. ఫోను వాడని పదకొండు ఇళ్ల నుంచి మాత్రం ఇంటికి వెళ్లే తీసుకుంటున్నాం, ఇకముందూ అలాగే తీసుకుంటాం. ఆడిటర్ సంతకం చేసిన జమాఖర్చుల పట్టికను విడిగా జతచేశాం.

మొహం గుర్తుపట్టని ఫోను

కిందటి ఏడాది ఒక కాపలాదారు మీద ఫిర్యాదు వచ్చింది. రాత్రి రెండు గంటలకు గేటు దగ్గర కనిపించలేదన్నారు. ఆయన్ని పిలిచి మాట్లాడి ఉంటే అరగంటలో తేలిపోయే విషయమది. మేము ఆయన్ని పిలవలేదు. మొహం చూసి హాజరు వేసే యాప్ ఒకటి కొని, కాపలాదారులిద్దరికీ, వీధులు ఊడ్చే ఇద్దరికీ కలిపి పెట్టాం. ఒకరి మీద వచ్చిన అనుమానాన్ని నలుగురి మీదా రుద్దాం. ఆ నలుగురిలో ఎవరినీ ఒక్క మాట అడగలేదు. ఇది కార్యవర్గం ఏకగ్రీవంగా తీసుకున్న నిర్ణయం, అందులో నా సంతకం కూడా ఉంది.

జనవరి నెల జీతం ఇచ్చేటప్పుడు వీధులు ఊడ్చే అమ్మకు నాలుగు రోజుల కూలి తగ్గింది. ఆవిడ ఏమీ అనలేదు. ఫిబ్రవరిలో ఇంకో మూడు రోజులు తగ్గాయి. అప్పుడు కోశాధికారి ఇంటి మెట్ల దగ్గర నిలబడి, "అయ్యగారూ, ఆ ఫోనుకు నా మొహం తెలియకపోతే పోనివ్వండి, మీకు తెలుసు కదా!" అంది. తొమ్మిదేళ్లుగా మన వీధుల్లో ఉన్న మనిషి ఆవిడ.

మర్నాడు తెల్లవారుజామున అయిదున్నరకు నేనూ, కోశాధికారీ గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాం. పొగమంచు ఇంకా విడలేదు. ఆవిడ చీపురు గోడకు ఆనించి, ముక్కుకు అడ్డంగా చుట్టుకున్న కొంగు విప్పి, కాపలాదారు పట్టుకున్న ఫోను ఎదుట నిలబడింది. తెర మీద గుండ్రటి గీత తిరుగుతూ ఉంది. దీపం కిందికి జరిగింది, తల పైకెత్తింది, కళ్లు పెద్దవి చేసింది. మూడుసార్లు ప్రయత్నించినా గీత పచ్చగా మారలేదు. నాలుగోసారి ప్రయత్నించకుండా చీపురు తీసుకుని పనిలోకి వెళ్లిపోయింది. రోజూ ఇలాగే వెళ్లిపోయేదట. ఆ రోజు కూడా యాప్‌లో ఆవిడ గైర్హాజరే. ఏడున్నరకల్లా అయిదు వీధులూ అద్దంలా ఉన్నాయి.

కూలి తగ్గిన ఏడు రోజుల గురించి పాలు పోసే ఆయన్నీ, పేపరు వేసే అబ్బాయినీ అడిగాం. ఏడు రోజులూ ఆవిడను చూశామని ఇద్దరూ చెప్పారు. రోజుకు 450 చొప్పున 3,150 రూపాయలు అదే వారం చెల్లించాం. కార్యవర్గ సమావేశానికి ఆవిడను పిలిచి క్షమాపణ చెప్పి, ఆ మాటను మినిట్స్ పుస్తకంలో రాశాం. యాప్ తీసేశాం. గేటు గదిలో మళ్లీ హాజరు పట్టీ పెట్టాం. వచ్చినవారే తమ పేరు ఎదుట సంతకమో వేలిముద్రో వేస్తారు, కాపలాదారు సమయం రాస్తారు. మొదట ఫిర్యాదు వచ్చిన కాపలాదారుతో కూడా అప్పుడే మాట్లాడాం. ఆ రాత్రి వెనక గేటు తాళం సరిగా పడలేదని చూడటానికి వెళ్లారట. వెనక గేటు తాళం మార్చమని అంతకు నెల ముందు ఆయన రాసిచ్చిన కాగితం మా ఫైల్లోనే ఉంది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మన సభ్యుడొకరు ఆ యాప్ ఎందుకు తప్పిందో ఒక ఆదివారం అందరికీ వివరించారు. ఫోను మొహాన్ని మనలా చూడదు. దాన్ని ఒక అంకెల వరుసగా మార్చి, మొదటి రోజు తీసిన ఫొటోలోని వరుసతో పోలుస్తుంది. పోలిక ఎంత దగ్గరగా ఉంటే 'అవును' అనాలో ముందే ఒక గీత గీసి పెడతారు. గీత ఎత్తులో పెడితే అసలు మనిషిని కూడా కాదంటుంది, కిందికి దించితే ఒకరికి బదులు ఇంకొకరిని ఒప్పుకుంటుంది. వెలుతురు తగ్గినా, మంచు పట్టినా, ఫొటో తీసిన నాటికీ నేటికీ మనిషి చిక్కినా పోలిక దెబ్బతింటుంది. అంటే అది చెప్పేది ఒక అంచనా. ఆ అంచనాను సాక్ష్యంగా తీసుకుని కూలి కోసింది మనమే.

ఇది మన గేటు దగ్గరే జరిగేది కాదు. ఉపాధి హామీ పనుల దగ్గర 2023 జనవరి నుంచి రోజుకు రెండుసార్లు యాప్‌లో ఫొటో తీయడం తప్పనిసరి చేశారు. మన ఆంధ్రప్రదేశ్‌లో ముఖ హాజరు 2022 ఆగస్టులో ఉపాధ్యాయులతో మొదలై, మరుసటి ఏడాదికి ప్రభుత్వ కార్యాలయాలకు పాకింది. దొంగ హాజరు అరికట్టాలన్న ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. అయితే యంత్రం కాదన్నప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఆ రోజు కూలి ఎవరు ఇవ్వాలి అన్నది అదే ఉత్తర్వులో ఉండాలి. అది లేని ఏర్పాటులో నష్టమంతా అడగలేనివారి మీదే పడుతుంది.

ఇంకో ప్రశ్న ఉంది. ఆ నలుగురి మొహాలు ఇప్పుడెక్కడున్నాయి? ఒప్పందంలో దాని గురించి ఒక్క ముక్క లేదు. మేము చదవకుండానే సంతకం పెట్టాం. గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న తేల్చింది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి మాత్రం పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి, ఒప్పించి తీసుకోవాలనీ, అవసరం తీరాక చెరిపేయాలనీ ఆ చట్టం సారం. గడువు దాకా ఆగకుండా, నలుగురి ఫొటోలూ చెరిపేయమని ఆ సంస్థకు ఉత్తరం రాశాం. మూడు వారాలకు చెరిపేసినట్టు జవాబు వచ్చింది. ఆ ప్రతిని నలుగురి చేతికీ ఇచ్చాం.

నలుగురికీ నియామక పత్రాలు కూడా ఇచ్చాం. కేంద్రం తెచ్చిన కొత్త కార్మిక చట్టాలు, అంటే నాలుగు కార్మిక స్మృతులు, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. నియామక పత్రం ఇవ్వాలన్న మాట వాటిలో ఉంది. మనలాంటి చిన్న సంఘానికి అది వర్తిస్తుందా లేదా అన్న చర్చ కార్యవర్గంలో గంటసేపు సాగింది. చివరికి, పని చేయించుకుంటున్నాం కాబట్టి కాగితం ఇద్దామని తేల్చాం. జీతం, వారపు సెలవు, పని వేళలు తెలుగులో రాసి, చదివి వినిపించి ఇచ్చాం.

కెమెరాలు

సీసీ కెమెరాల వల్ల మేలు జరగలేదని అనను. ఆగస్టులో పోయిన మోటారు సైకిలు పోలీసులకు దొరికిందంటే మన గేటు కెమెరాలోని దృశ్యమే కారణం. కానీ అక్టోబరులో ఒక తండ్రి వచ్చి, తన కూతురు ఏ రోజు ఎన్ని గంటలకు వస్తోందో చూపించమన్నారు. ఆ అమ్మాయికి ఇరవై రెండేళ్లు, ఉద్యోగం చేసుకుంటోంది. మేము కుదరదన్నాం. ఆయనకు కోపం వచ్చింది, రెండు నెలలు చందా ఆపేశారు. ఇప్పుడు మళ్లీ కడుతున్నారు, మాతో మాట్లాడుతున్నారు కూడా. ఆ తర్వాతే నియమం రాసుకున్నాం. దృశ్యాలు పదిహేను రోజులకు మించి ఉంచం. కార్యవర్గ సభ్యులు ఇద్దరు ఉంటేనే చూస్తాం, ఎందుకు చూశామో పుస్తకంలో రాస్తాం. పోలీసులకైనా రాతపూర్వకంగా అడిగితేనే ఇస్తాం. దొంగ కోసం పెట్టిన కెమెరాను ఇంటి ఆడపిల్ల మీదికి తిప్పడానికి ఈ సంఘం ఒప్పుకోదు.

నవంబరు సమావేశం

పని చోట నమ్మకం మీద నవంబరులో పెట్టుకున్న చర్చకు అనుకున్నదానికంటే ఎక్కువమంది వచ్చారు. ఇంటి నుంచి పని చేసే ఒక సభ్యురాలు, తన కంప్యూటర్ తెరను కంపెనీ పది నిమిషాలకోసారి ఫొటో తీస్తుందని చెప్పారు. అమ్మకు మందు ఇవ్వడానికి లేచినా గుండె దడదడలాడుతుందన్నారు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన పెద్దాయన ఒక మాట అన్నారు. "మమ్మల్నీ తనిఖీ చేసేవారమ్మా. దారిలో బస్సు ఆపి, ఎక్కి, టికెట్లూ డబ్బులూ లెక్కపెట్టేవారు. కానీ ఎదురుగా నిలబడి లెక్కపెట్టేవారు. తేడా వస్తే నా మాట కూడా రాసుకునేవారు." ఆటోనగర్లో షెడ్డు నడిపే సభ్యుడు, కొత్తగా చేరిన కుర్రవాడికి ఆరు నెలల్లో షెడ్డు తాళాలు ఇచ్చేస్తానన్నారు. తాళం చేతికి వచ్చిన రోజు నుంచే వాడు పానాలు తుడిచి పెట్టడం మొదలుపెడతాడట. రోజుకు గరిష్ఠ పని వేళలను తొమ్మిది గంటల నుంచి పదికి పెంచుతూ రాష్ట్రం 2025లో చేసిన మార్పు మీద వాదన వేడెక్కింది, ఏకాభిప్రాయం రాలేదు. రెండు పక్షాల మాటలూ మినిట్స్‌లో ఉన్నాయి.

తుపాను రాత్రి

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు మన ఇళ్లలోకి వచ్చినప్పుడు డ్రోన్ల మీద వచ్చిన అన్నం పొట్లాలు మనం మరిచిపోలేదు. పడవ రాలేని సందుల్లో మేడ మీదికి దిగిన ఆ పొట్లాలను చూసినవారెవరూ సాంకేతికత వద్దనరు. అదే సాంకేతికత 2025 అక్టోబరు 28న, మొంథా తుపాను రోజు రాత్రి, మన కాలనీ గ్రూపులో 'బుడమేరు కట్ట తెగింది' అన్న గొంతును మోసుకొచ్చింది. ఎవరి గొంతో ఎవరికీ తెలియదు. పావుగంటలో బియ్యం బస్తాలు, పరుపులు, పిల్లల పుస్తకాలు మేడలెక్కాయి. ఒక పెద్దావిడ చీకట్లో మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఇద్దరు యువకులు వానలోనే వంతెన దాకా వెళ్లి, నీరు స్తంభం మీద ఎక్కడిదాకా ఉందో ఫొటో తీసి పంపాకే కాలనీ కుదుటపడింది. కట్ట తెగలేదు. అప్పటి నుంచి వరద కబురు ఎవరు పెట్టినా, స్వయంగా చూసినవారి పేరు, చోటు, సమయం లేకపోతే తీసేస్తున్నాం. వానాకాలంలో వంతెన దగ్గరికి వెళ్లి చూసే బాధ్యతకు ఆరుగురు పేర్లిచ్చారు.

డిసెంబరులో ఒక రిటైర్డు ఉపాధ్యాయుణ్ని పోలీసు దుస్తుల్లో ఉన్న మోసగాళ్లు వీడియో కాల్‌లో 'డిజిటల్ అరెస్ట్' అంటూ మూడు గంటలు కదలనివ్వలేదు. తోడుకు పెరుగు అడగడానికి వచ్చిన పక్కింటావిడ ఆయన మొహం చూసి అనుమానపడి, ఫోను లాక్కుని కట్టేశారు. డబ్బు పోలేదు. అలాంటి అరెస్టు మన చట్టాల్లో ఎక్కడా లేదు. డబ్బు పోయినా, పోబోతున్నా వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయండి. సిగ్గుపడి దాచుకోవద్దని పెద్దలందరినీ చేతులెత్తి వేడుకుంటున్నాను.

ఆదివారం బల్ల

ప్రభుత్వం 2025 జనవరి 30న వాట్సాప్‌లో 'మన మిత్ర' సేవలు మొదలుపెట్టింది. తొలి విడతలోనే 161 సేవలు వచ్చాయి. ధ్రువపత్రాల కోసం పని మానుకుని తిరగాల్సిన అవస్థ చాలామందికి తప్పింది, ఇది నిజంగా మంచి పని. అయితే ఫోను లేనివారు, చదవలేనివారు, పాచి పనితో వేలి గీతలు అరిగిపోయినవారు మన చుట్టూనే ఉన్నారు. వారి కోసం గ్రంథాలయం గదిలో ఆదివారం ఉదయం ఒక బల్ల వేశాం. మన పిల్లలే కూర్చుని దరఖాస్తులు పెడుతున్నారు. మొదట వచ్చినవారిలో వీధులు ఊడ్చే మన అమ్మే ఉంది. 2024 వరదలో తడిసి ఆధార్ కార్డు మీద ఫొటో చెరిగిపోయింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవారికి ఉచిత బస్సు వచ్చినా, కార్డు చూపినప్పుడల్లా ఏమంటారోనన్న బెరుకుతో టికెట్ కొనుక్కునే వచ్చేది. కొత్త కార్డు తెప్పించాం. బల్ల దగ్గర కూర్చునే పిల్లలకు ఒక మాట గట్టిగా చెప్పాం: ఎవరి ఆధార్ ఫొటో మీ ఫోన్లో ఉంచుకోవద్దు, పని కాగానే వారి ఎదుటే చెరిపేయండి.

సభ ముందు రెండు తీర్మానాలు పెడుతున్నాం. మొదటిది, మనుషుల మొహాలు, వేలిముద్రలు, రాకపోకలు నమోదు చేసే ఏ పరికరాన్నయినా సర్వసభ్య సమావేశం ఆమోదం లేకుండా కొనకూడదు. ఆ సమావేశంలో, ఎవరి మీద పెడుతున్నామో వారు కూర్చుని మాట్లాడాలి. రెండోది, హాజరు విషయంలో వివాదం వస్తే విచారణ ముగిసేదాకా కూలి కోయకూడదు.

సర్వసభ్య సమావేశాన్ని ఎప్పటిలా సాయంత్రం కాక ఆదివారం ఉదయం పదకొండు గంటలకు పెట్టాం. ఊడ్చే పని అప్పటికి ముగుస్తుంది, కాపలాదారుల పాళీ మారుతుంది. నలుగురినీ ఇంటికి వెళ్లి పిలిచాం, నలుగురూ వస్తామన్నారు.

కార్యదర్శి,
కాలనీ సంక్షేమ సంఘం,
అజిత్ సింగ్ నగర్, విజయవాడ