బ్యాంకు వేలంలో కొన్న ఆస్తికి హక్కే లేదని తేలితే?

సంపాదకులకు నమస్కారం.

బకాయిలు రాబట్టుకోవడానికి బ్యాంకులు సర్ఫేసీ చట్టం కింద వేలం వేసే ఫ్లాట్లు, స్థలాల ప్రకటనలు మీ పత్రికలోనూ తరచూ వస్తుంటాయి. 'ఎక్కడ ఉన్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే' అన్న షరతు వాటి అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. అమ్మేది బ్యాంకే కదా, కాగితాలు సరిగ్గానే ఉంటాయన్న ధీమాతో పాట పాడేవారు దాన్ని పట్టించుకోరు.

దస్తావేజులు రాయడం నా వృత్తి కాబట్టి ఆ తరువాతి కథ కళ్లారా చూస్తుంటాను. ఈమధ్య ఒకాయన, వేలంలో కొన్నందుకు బ్యాంకు ఇచ్చిన సేల్ సర్టిఫికెట్ తెచ్చారు. సర్వే నంబరు కొట్టి చూస్తే అది రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితాలో ఉంది. పంచగ్రామాల్లో సింహాచలం దేవస్థానం భూవివాదం, డి-పట్టాలు (పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూముల పట్టాలు), భూపరిమితి చట్టపు మిగులు భూములు ఉన్న విశాఖలో ఇది వింతేమీ కాదు. ఈసీ (రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసుకోవలసిందని పక్కనున్నవారు తేలిగ్గా అనేశారు. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. మొట్టమొదట అమ్మినవాడికి అసలు హక్కుందో లేదో అది చెప్పదు.

ఇలాంటి కొనుగోలుదారుకు చట్టంలో దారులు లేకపోలేదు, ఉన్నవన్నీ ఇరుకైనవే. సర్ఫేసీ చట్టం కింద చేసిన 2002 నాటి నిబంధనల ప్రకారం బ్యాంకు తనకు 'తెలిసిన' భారాలను (తనఖాలు, బకాయిల వంటివి) వేలం ప్రకటనలో చెబితే చాలు. కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనుక్కోలేని హక్కు లోపాన్ని అమ్మేవాడు బయటపెట్టాలని ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షన్ అంటుంది గనుక, తెలిసి దాచిన లోపానికి చిన్న అక్షరాల షరతు కవచం కారాదని నా అభిప్రాయం. సర్ఫేసీ చట్టం సెక్షన్ 17 కింద రుణ వసూళ్ల ట్రైబ్యునల్‌కు వెళ్లాలంటే గడువు 45 రోజులే. లోపం తరచూ ఆ తరువాతే బయటపడుతుంది. పైగా తనఖా ఆస్తిపై హక్కు ఎవరిదో తేల్చడం ట్రైబ్యునల్ పని కాదు, సివిల్ కోర్టు పని అని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. సివిల్ కోర్టుకు వెళితే, ఆ కోర్టులు జోక్యం చేసుకోరాదనే సర్ఫేసీ చట్టం 34వ సెక్షన్ చూపించి బ్యాంకు అభ్యంతరం లేవదీస్తుంది. ట్రైబ్యునల్ మన ఊళ్లోనే ఉన్నా, దాని తీర్పుపై అప్పీలుకు కోల్‌కతా పోవాలి.

అదే కోర్టు వేలమైతే, బాకీదారుకు ఆ ఆస్తిలో అమ్మదగిన హక్కే లేదని తేలినప్పుడు వేలం రద్దు చేయించుకుని సొమ్ము వాపసు కోరవచ్చని సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరులోని 91, 93 రూల్సు స్పష్టంగా చెబుతున్నాయి. అంత స్పష్టమైన రూలు బ్యాంకు వేలానికి ఎందుకు ఉండకూడదు?

అప్పు ఇచ్చేటప్పుడు ప్రతి బ్యాంకూ తన ప్యానెల్ న్యాయవాది చేత లింకు డాక్యుమెంట్లు (ఆస్తి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత దస్తావేజులు) చూపించి లీగల్ ఒపీనియన్ తీసుకుంటుంది. ఆ కాగితం ఫైల్లోనే ఉంటుంది. పాట నెగ్గినవారు 25 శాతం వెంటనే, మిగతాది సాధారణంగా 15 రోజుల్లో కట్టాలి కనుక, విచారించుకునే వ్యవధి ఉండేది పాటకు ముందే. ఆ ఒపీనియన్‌ను, లింకు డాక్యుమెంట్లను అప్పుడే పాటదారులకు చూపించడం తప్పనిసరి చేయాలని కేంద్ర ఆర్థిక శాఖను, రిజర్వ్ బ్యాంకును కోరుతున్నాను. నిబంధనలు మారేదాకా, మన నగరంలోని బ్యాంకులు ప్రకటన వేసేముందు సర్వే నంబరును 22ఏ జాబితాతో సరిచూసి, ఆ ఫలితాన్ని ప్రకటనలోనే అచ్చు వేయాలి.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి,
గోపాలపట్నం, విశాఖపట్నం