రీఇష్యూ గిటార్ బ్రిడ్జ్ నాలుగు నెలల్లో అరిగిపోవడంపై ఫిర్యాదు

కస్టమర్ కేర్, నాణ్యతా విభాగాల బాధ్యులకు,

నమస్కారం.

మీరు మళ్లీ విడుదల చేసిన 1980ల నాటి మోడల్ గిటార్ కొని నాలుగు నెలలైంది. దాని బ్రిడ్జ్ (బాడీ మీద తీగల చివర్లను పట్టి ఉంచే లోహపు భాగం) అప్పుడే అరిగిపోయింది. బ్రిడ్జ్‌ని మోసే రెండు స్టడ్లలో (లావు స్క్రూలలో) ఒకటి ముందుకు ఒరిగింది. ఈ సంగతి మీకు ఇప్పటికే రెండుసార్లు రాశాను. మొదటిసారి తీగలు మార్చి చూడమన్నారు. రెండోసారి, బ్రిడ్జ్ వాడకంలో అరిగే భాగం కాబట్టి వారంటీ కిందకి రాదన్నారు. ఆ రెండు జవాబులూ ఎందుకు నిలవవో ఈసారి వివరంగా రాస్తున్నాను. దయచేసి ఈ ఉత్తరాన్ని గిటార్ తయారీ తెలిసినవాళ్ల చేతికి ఇవ్వండి.

ఈ మోడల్ నాకు కొత్త కాదు. మా అన్నయ్య 1988లో కొన్న అసలు గిటార్ ఇంకా మా ఇంట్లోనే ఉంది. నేను వాయించడం నేర్చుకున్నది దాని మీదే. నాకంటూ అలాంటిది ఒకటి ఉండాలని చాలా ఏళ్లు అనుకున్నాను కానీ, మీరు తయారీ ఆపేశాక మంచి కండిషన్లో ఉన్నది దొరకలేదు. అందుకే రీఇష్యూ ప్రకటించిన రోజే బుక్ చేశాను. పెట్టె తెరిచినప్పుడు ఎంత సంతోషించానో చెప్పలేను. అదే రంగు, అదే హెడ్‌స్టాక్, లోగోలో అక్షరాల వంపు కూడా అదే. నెక్ అయితే పాతదానికి ఏమాత్రం తీసిపోదు. చేతిలో పట్టుకుంటే కళ్లు మూసుకుని ఏది పాతదో, ఏది కొత్తదో చెప్పలేను. ఆ నెక్ చెక్కినవాళ్లకు నా అభినందనలు చేరవేయండి.

ఇక బ్రిడ్జ్ సంగతి. ఇది ఫ్లాయిడ్ రోజ్ 1979లో పేటెంట్ పొందిన లాకింగ్ ట్రెమలో పద్ధతిలో పనిచేసేదే, అంటే బ్రిడ్జ్‌కి తగిలించిన బార్‌ని నొక్కి స్వరాన్ని దించొచ్చు, లాగి పెంచొచ్చు. తీగను నట్ (నెక్ పై చివర తీగలు ఆనే పట్టీ) దగ్గర ఒకసారి, బ్రిడ్జ్ దగ్గర ఒకసారి బిగించేస్తాం. బ్రిడ్జ్ మొత్తం రెండు స్టడ్ల మీద, పదునైన రెండు అంచుల మీద ఊగుతుంది. నైఫ్ ఎడ్జ్ అని మనం అనేది ఆ అంచుల్నే. తీగలు బ్రిడ్జ్‌ని నెక్ వైపు లాగుతాయి. బాడీ వెనక ఉన్న స్ప్రింగులు బ్రిడ్జ్ కింది బ్లాకును అదే వైపు లాగుతాయి. ఆ రెండు లాగుళ్లనీ ఆపేది స్టడ్లే. 9 నుంచి 42 గేజ్ (అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగ మందం) తీగల సెట్టును మామూలు శృతిలో పెడితే తీగల బిగువే సుమారు 38 కిలోలు ఉంటుంది. స్ప్రింగుల లాగుడు దానికి అదనం. ఇంత బరువు వెంట్రుకంత సన్నని రెండు అంచుల మీద పడుతున్నప్పుడు, ఆ అంచు ఏ లోహంతో చేశారన్నదే అసలు ప్రశ్న.

పాత గిటార్‌లో ఆ అంచులున్న బేస్‌ప్లేట్ గట్టిపరిచిన స్టీలు. కొత్తదాని లోహం ఏమిటో మీ స్పెసిఫికేషన్లలో ఎక్కడా లేదు. అందుకని తీగలు, స్ప్రింగులు విప్పి రెండు బ్రిడ్జ్‌లనీ బయటికి తీశాను. చిన్న అయస్కాంతం పెట్టి చూశాను. పాత ప్లేటుకు అది ఠక్కున అతుక్కుంది. కొత్తదానికి పట్టీ పట్టనట్టు ఆని జారిపోయింది. ఆ కాస్త పట్టు కూడా పైన పూసిన నికెల్ పూతదే అయ్యుండాలి. అంచు దగ్గర పూత లేచిపోయిన చోట కింద బూడిద రంగు లోహం కనిపిస్తోంది. అది జింక్ మిశ్రమమని తర్వాత మీ ప్రతినిధే ఫోన్లో ఒప్పుకున్నారు. ఈ రోజుల్లో చాలా గిటార్లకు అదే వాడతారని కూడా అన్నారు. వాడొచ్చు. అలాంటి గిటార్లను మొదటిసారి గిటార్ పట్టుకునేవాళ్ల కోసం చేస్తారు. పాత మోడల్‌ని ఉన్నది ఉన్నట్టు తెచ్చామని చెప్పి వాటికి ఎక్కువ ధర పెట్టరు.

కొత్త బ్రిడ్జ్ నైఫ్ ఎడ్జ్‌ని భూతద్దం కింద చూస్తే గుండె తరుక్కుపోయింది. లావు తీగల వైపు అంచు సరిగ్గా స్టడ్ ఆనే చోట నొక్కుకుపోయి చిన్న గుంటలా అయింది. గుంట ఒక మూల లోహం పొరలా లేచి బయటికి పొడుచుకొచ్చింది. వేలు రాస్తే గీసుకుంటోంది. స్టడ్ గాడిలో నల్లటి పొడి పేరుకుని ఉంది. పాతదాని అంచు మీద ఇన్నేళ్ల తర్వాత కూడా సన్నని మెరుపు గీత తప్ప ఇంకేమీ లేదు. అన్నయ్య దాన్ని బీరువాలో దాచుకున్న మనిషి కాదు, వారానికి మూడు నాలుగు రోజులు వాయించేవాడు. వాడకంలో అరిగే భాగం అని మీరు రాసినప్పుడు నాకు ఎందుకు కోపమొచ్చిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

తీగలు బిగువుగా ఉండగానే స్టడ్లు తిప్పి ఎత్తు సర్దితే అంచు చెడిపోతుందని నాకు తెలుసు. నేను ఎప్పుడూ అలా చేయలేదు. ఎత్తు సర్దిన రెండుసార్లూ తీగలు పూర్తిగా వదులు చేశాకే చేశాను.

తీగలు మార్చమన్న సలహా కూడా పాటించాను. మూడు సెట్లు మార్చాను. ప్రతిసారీ తీగల్ని బాగా లాగి సాగదీసి, శృతి నిలబడ్డాకే నట్ లాక్ బిగించాను. తర్వాత ట్యూనర్ పెట్టి చూస్తే, బార్‌ని కిందికి నొక్కి వదిలినప్పుడు మూడో తీగ 12 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) తగ్గి ఆగింది. పైకి లాగి వదిలితే 9 సెంట్లు పెరిగి ఆగింది. తీగలు సాగడమే కారణమైతే శృతి ఎప్పుడూ తగ్గే వైపే పోవాలి. ఇలా రెండు వైపులా తప్పుతోందంటే బ్రిడ్జ్ తిరిగి తన చోటికి రావడం లేదని అర్థం. నట్ దగ్గర తీగ లాక్ అయి ఉంది కాబట్టి ట్యూనింగ్ కీల మీదా నెపం వేయలేం. అదే సెట్టు పాత గిటార్‌కి వేసి చూశాను. తేడా 2 సెంట్లు దాటలేదు.

ఇప్పుడు స్టడ్ గురించి. నా అసలు భయం దీని గురించే. నైఫ్ ఎడ్జ్ అరిగితే బ్రిడ్జ్ మార్చుకోవచ్చు. కానీ లావు తీగల వైపు స్టడ్ నిటారుగా లేదు. మూలమట్టం ఆనించి చూస్తే పికప్ వైపు ఒరిగినట్టు స్పష్టంగా తెలుస్తోంది. దాని అడుగున కలపలో దిగ్గొట్టిన బుషింగ్ (లోహపు గొట్టం) చుట్టూ పెయింట్ పగిలి, వెంట్రుకలాంటి చీలిక ఒకటి పికప్ వైపు పాకింది. గత నెల మూడు మిల్లీమీటర్లు ఉండేది, ఇప్పుడు ఐదైంది. బుషింగ్‌ని రెండు వేళ్లతో పట్టుకుంటే కదులుతోంది. బాడీ బాస్‌వుడ్. అది మెత్తని కలపే అయినా, దానితో చేసిన మంచి గిటార్లు ఎన్నో ఉన్నాయి. నేను కలపను తప్పుపట్టడం లేదు. మెత్తని కలపలో రంధ్రం బుషింగ్‌కి సరిగ్గా బిగుతుగా ఉండాలి, ఇక్కడ వదులుగా వేశారు. నేను ఇందులో కొత్త స్టీలు బ్రిడ్జ్ పెట్టినా ఈ స్టడ్ దాన్ని మోయలేదు.

మిగతావి చిన్నవి, త్వరగా చెప్పేస్తాను. 14వ ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు కడ్డీ) కాస్త ఎత్తుగా ఉంది, అందువల్ల 12, 13 ఫ్రెట్ల మీద తీగను బెండ్ చేస్తే స్వరం చచ్చిపోతోంది. కేబుల్ గుచ్చే జాక్‌ని బిగించే నట్ కింద లాక్ వాషర్ లేదు, రెండు వారాలకోసారి వదులవుతోంది. ఇవి నేనే సరిచేసుకోగలను. వాల్యూమ్ పాట్ (శబ్దం పెంచి తగ్గించే నాబ్ కింది భాగం) మీద 500 కిలో ఓమ్స్ అని ఉంది, మీటర్లో 430 చూపించింది. ఆ మాత్రం తేడా మామూలే, దానిపై ఫిర్యాదు లేదు.

ఒకటి మాత్రం మీ ఫ్యాక్టరీలో అందరికీ చెప్పాలి. తీగల్ని తాకినా హమ్ (ఆంప్లిఫయర్‌లో గుయ్యిమనే శబ్దం) తగ్గకపోతుంటే వెనక మూత తీసి చూశాను. స్ప్రింగ్ క్లాకి (స్ప్రింగులు తగిలించే లోహపు పట్టీకి) వేసిన గ్రౌండ్ వైరు సోల్డర్ పైపైన బొట్టులా కూర్చుంది కానీ లోహానికి పట్టలేదు. గోటితో మీటితే ఊడి చేతిలోకి వచ్చింది. ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చే ముందు దీన్ని ఆంప్లిఫయర్‌కి తగిలించి తీగల మీద ఒక్కసారి చెయ్యి వేసి చూసినా తెలిసిపోయేది.

నాకు కావాల్సింది ఇది. అలాంటి గిటార్‌నే ఇంకొకటి పంపవద్దు, నాలుగు నెలలకి దాని గతీ ఇంతే అవుతుంది. పాత మోడల్‌కి వాడినట్టు గట్టిపరిచిన స్టీలు బేస్‌ప్లేట్ ఉన్న బ్రిడ్జ్, దానికి సరిపడే స్టడ్లు ఇవ్వండి. స్టడ్ రంధ్రాలను గట్టి కలపతో పూడ్చి కొత్తగా, సరైన కొలతకు వేయించండి. చీలిక లోపలికి పోయి ఉంటే బాడీ మార్చండి. నెక్ మాత్రం ఇదే ఉంచండి. ఈ పని అంతా వారంటీ కింద జరగాలి. ఎందుకంటే ఇది వాడకంలో వచ్చిన అరుగుదల కాదు, తయారీలో ఎంచుకున్న లోహం వల్ల, వేసిన రంధ్రం వల్ల వచ్చిన లోపం. వీటిలో ఏదీ కుదరదంటే గిటార్ వెనక్కి తీసుకుని పూర్తి డబ్బు ఇచ్చేయండి. నిజం చెప్పాలంటే, ఆ పరిస్థితి రాకూడదనే నా కోరిక.

బ్రిడ్జ్ ఏ లోహంతో చేశారో ఈ మోడల్ స్పెసిఫికేషన్లలో రాయమని కూడా అడుగుతున్నాను. రంగు పేరు, పెయింట్ రకం, పికప్ అయస్కాంతం రకం వరకు అన్నీ రాసిన చోట ఆ ఒక్క మాట లేకపోవడం కొనేవాళ్లకు అన్యాయం. నాలాగే పాత గిటార్ గుర్తుపెట్టుకుని కొనేవాళ్లకు మరీ అన్యాయం.

రెండు బ్రిడ్జ్‌ల అంచుల ఫొటోలు, స్కేలు పక్కన పెట్టి తీసిన చీలిక ఫొటోలు, బిల్లు కాపీ, మీతో జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలు జతచేశాను. గిటార్ తీగలు వదులు చేసి, స్టడ్ మీద బరువు పడకుండా బ్రిడ్జ్ విడిగా చుట్టి కేసులో పెట్టాను. ఎక్కడికి పంపాలో, రవాణా ఏర్పాటు మీరు ఎలా చేస్తారో 15 రోజుల్లోగా తెలియజేయండి.

ఇట్లు,
మీ వినియోగదారుడు