చంద్రపూర్ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారూ, నమస్కారం.

మాది బల్లార్‌పూర్. తాతల నాడు బొగ్గుగని పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబం. మా పెద్దమ్మ జన్మలో బీడీ ముట్టలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయింది. దగ్గు మొదలైతే టీబీ అన్నారు, ఆరు నెలలు ఆ మందులే మింగించారు. సీటీ స్కాన్ తీసేసరికి చెయ్యి దాటిపోయింది.

ఆమెకు గాలివల్లే వచ్చిందని నేను రుజువు చేయలేను. ఏ ఒక్కరి విషయంలోనూ అలా తేల్చడం కష్టం. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2013లోనే బయటి గాలి కాలుష్యాన్ని, క్యాన్సర్ తెస్తాయని తేలినవాటి మొదటి వర్గంలో, అంటే పొగాకు ఉన్న వర్గంలోనే చేర్చింది. ఇళ్లలో కాల్చే బొగ్గు పొగ కూడా అదే వర్గం. పెద్దమ్మ నలభై ఏళ్లు బొగ్గుల పొయ్యి మీదే వండింది.

పీఎం 2.5 అనే, కంటికి కనిపించని సన్నని ధూళి ఏడాది సగటున ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు మించొద్దని ఆ సంస్థ చెబుతోంది. మన దేశ పరిమితే 40. మన చంద్రపూర్‌ను తీవ్ర కాలుష్య ప్రాంతంగా 2009లోనే గుర్తించారు.

గనులు మూసేయమనడం లేదు సార్, మా తిండి వాటితోనే. టార్పాలిన్ కప్పని బొగ్గు లారీలను రాత్రిపూట కూడా ఆపించండి. తెల్లారి మా తులసికోట మీద వేలు పెడితే నల్లగా అంటుతోంది. దగ్గు తగ్గక, టీబీ పరీక్షలో ఏమీ తేలనివాళ్లకు వెంటనే స్కాన్ తీయించండి. గాలి లెక్కలు బస్టాండులో మరాఠీతోపాటు తెలుగులోనూ రాయించండి.

బల్లార్‌పూర్ వాసి