క్రీడా డైరెక్టర్ కుర్చీ ‘అదనపు బాధ్యత’ కాదు

సంపాదకులకు,

విశ్వవిద్యాలయంలో వ్యాయామ విద్యా డైరెక్టర్ రిటైరైతే ఆ కుర్చీని ఎవరో ఒక ప్రొఫెసర్‌కు ‘పూర్తి అదనపు బాధ్యతలు’ పేరిట అప్పగించడం రివాజైపోయింది. ఆయన తన సబ్జెక్టులో దిట్టే కావచ్చు. కానీ ఇది ఫైళ్ల మీద సంతకాలతో నడిచే ఉద్యోగం కాదు. ఎందుకు కాదో పాలకవర్గాలు ఒకసారి ఆలకించాలి.

ముందు ట్రాక్ సంగతి. మన వైపు నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. మట్టి ట్రాక్‌ను ఏటా చదును చేసి, రోలర్ నడిపి, కొత్తగా సున్నం గీతలు వేయాల్సిందే. లేన్ వెడల్పు 1.22 మీటర్లు. మొదటి లేన్ దూరాన్ని లోపలి గట్టుకు 30 సెంటీమీటర్ల అవతల, మిగతా లేన్లది లోపలి గీతకు 20 సెంటీమీటర్ల అవతల కొలుస్తారు. అందుకే 400 మీటర్ల పరుగులో రెండో లేన్ స్టాగర్ (ఒకటో లేన్ కంటే ముందుకు జరిపి నిలబెట్టే దూరం) 7.04 మీటర్లు, ఆపైన లేన్‌కు సుమారు 7.67 చొప్పున పెరిగి ఎనిమిదో లేన్‌కు 53.03 అవుతుంది. తెలియనివాళ్లు రెండో లేన్‌కూ 7.67 ఇచ్చేస్తారు. దాంతో రెండు నుంచి ఎనిమిది దాకా అందరికీ 63 సెంటీమీటర్లు కలిసొస్తాయి, ఒకటో లేన్ పడ్డవాడు మాత్రం నిండా 400 మీటర్లు పరిగెత్తుతాడు. 50 సెకన్లలో ముగించే కుర్రాడికి 63 సెంటీమీటర్లంటే 0.08 సెకను. సెలక్షన్స్‌లో ఒక్కోసారి జట్టులో ఉండేవాడికీ ఇంటికి పోయేవాడికీ మధ్య అంతే తేడా. గుడ్డ టేపు సాగుతుంది కాబట్టి స్టీలు టేపే వాడాలన్న సంగతి కూడా చెప్పేవాళ్లుండాలి.

గాలి లెక్క ఇంకా సున్నితం. 100 మీటర్ల పరుగులోనైనా హర్డిల్స్‌లోనైనా వెనక గాలి సెకనుకు 2.0 మీటర్లు దాటితే రికార్డు చెల్లదు. గాలి వేగం కొలిచే గేజ్‌ను ఒకటో లేన్ పక్కన, ఫినిష్ గీతకు 50 మీటర్ల దూరంలో, 1.22 మీటర్ల ఎత్తున పెట్టాలి. 100 మీటర్ల పరుగుకు 10 సెకన్లు, హర్డిల్స్‌కు 13 సెకన్లు గాలి కొలవాలి. గుంటూరులో శిక్షణ పొందిన జ్యోతి యర్రాజి కథ చూడండి. 2020 జనవరిలో మూడబిద్రిలో జరిగిన అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆమె 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో ముగించింది. అప్పటి జాతీయ రికార్డు అనురాధా బిస్వాల్ 2002లో నెలకొల్పిన 13.38. అయినా ఆ పరుగు రికార్డుల్లోకి ఎక్కలేదు. డోప్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి అక్కడ లేరు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09 పరిగెత్తితే గాలి 2.1 ఉందని అదీ పోయింది. ఆ మే నెలలో సైప్రస్‌లోని లిమాసోల్‌లో 13.23తో గానీ రికార్డు ఆమె పేరెక్కలేదు. కోజికోడ్‌లో అడ్డొచ్చింది గాలి, కానీ మూడబిద్రిలో అమ్మాయి కాళ్లు చేయాల్సింది అవి చేశాయి, లోటు ఏర్పాట్లలో ఉంది. మీట్ పెట్టే ముందు సమాఖ్యకూ, డోప్ పరీక్షలు చేసే జాతీయ సంస్థ ‘నాడా’కూ ఉత్తరాలు రాయాలని తెలిసినవాళ్లే రాస్తారు.

ఇక కాగితాలు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు వయసు 17 నిండాలి, 25 దాటకూడదు. అర్హత పత్రంలో పుట్టిన తేదీ పదో తరగతి మెమోతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. ఫొటో మీద ప్రిన్సిపల్ సంతకం, ముద్ర ఉండాలి. చాలాచోట్ల జరిగేది ఏమిటంటే, ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం ఇవన్నీ పోగేస్తారు. ప్రిన్సిపల్ ఊళ్లో ఉండరు. పోటీ జరిగే చోట కాగితాల తనిఖీలో ఒక్క ఫారం ఆగితే రిలే జట్టు మొత్తం కూర్చోవాల్సిందే. సెలక్షన్స్ ముగిసిన రోజే, గ్రౌండ్‌లోనే ఫారాలు నింపించడం ఒక్కటే దీనికి మందు.

మన ప్రాంతంలో ఇంకో చిక్కుంది. విజయవాడ కాలేజీలు కృష్ణా వర్సిటీ కింద, గుంటూరువి నాగార్జున కింద, మెడికల్ కాలేజీలు హెల్త్ వర్సిటీ కింద ఉన్నాయి. ఒకే గ్రౌండ్‌లో కలిసి ప్రాక్టీస్ చేసే పిల్లలు మూడు చోట్ల సెలక్షన్స్‌కు వెళ్తారు. మూడు వర్సిటీల తేదీలూ ఒకదాని మీద ఒకటి పడకుండా చూడాలంటే ముగ్గురు డైరెక్టర్లూ ఒకరికొకరు ఫోన్ చేసుకునేంత పరిచయం ఉండాలి. ఏడాదికోసారి మారే ఇన్‌చార్జికి అది ఎక్కడిది?

రైలు టిక్కెట్లదీ అదే తంతు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. అడ్వాన్సు ఫైలు ఫైనాన్స్ విభాగంలో నెల నానితే జట్టు జనరల్ బోగీలో నిలబడి వెళ్లి, మర్నాడే పరుగుకు దిగుతుంది. పోయినేటి అడ్వాన్సుకు ఖర్చు లెక్క చూపే వినియోగ పత్రం ఇవ్వకపోతే ఈ ఏటి డబ్బు రాదు. ఇక సెమిస్టర్ పరీక్ష అదే వారంలో పడితే, పేర్లు, హాల్ టిక్కెట్ నంబర్లతో పరీక్షల విభాగానికి ముందే లేఖ వెళ్లాలి. తిరిగొచ్చాక అడిగితే గైర్హాజరు కింద రాసేస్తారు.

సెలక్షన్స్‌లో సిఫార్సుల గురించి ఎక్కువ చెప్పం, అందరికీ తెలిసిందే. ట్రయల్స్‌లో వచ్చిన టైమింగులు, దూరాలు ఆ సాయంత్రమే నోటీసు బోర్డు మీద పెట్టే డైరెక్టర్‌కు ఫోన్లు తగ్గిపోతాయి.

ఇవన్నీ తెలిసినవాళ్లే రావాలని యూజీసీ 2018 నిబంధనలు స్పష్టంగానే రాశాయి. డైరెక్టర్‌కు వ్యాయామ విద్యలో గానీ క్రీడా శాస్త్రంలో గానీ పీహెచ్‌డీ, ఆ రంగంలో పదేళ్ల అనుభవం, పోటీలు నిర్వహించి కనీసం రెండు వారాల శిక్షణ శిబిరాలు నడిపిన రుజువు, మంచి జట్లను తయారుచేసిన రుజువు ఉండాలి. ఈ కేడర్‌కు దేహదారుఢ్య పరీక్ష కూడా పెట్టారు. 30 ఏళ్ల లోపు పురుషులు 12 నిమిషాల్లో 1800 మీటర్లు, మహిళలు 8 నిమిషాల్లో 1000 మీటర్లు పూర్తిచేయాలి. కొలబద్ద ఇంత గట్టిగా ఉన్నా ‘ఇన్‌చార్జి’ అన్న మాటతో దాన్ని దాటేస్తున్నారు.

ఖాళీల భర్తీకి ఆర్థిక శాఖ అనుమతి ఆలస్యమవుతుందని మాకూ తెలుసు. అందాకా ఇన్‌చార్జి బాధ్యతనైనా వర్సిటీ వ్యాయామ విద్యా విభాగంలోనో, అనుబంధ కాలేజీల్లోనో ఉన్న సీనియర్ పీడీ (వ్యాయామ విద్యా డైరెక్టర్)కి ఇవ్వండి. ఉత్తర్వు జూలై లోపు రావాలి, గడువు మూడేళ్లకు తగ్గకూడదు, జట్టు ప్రయాణాల అడ్వాన్సు మంజూరు చేసే అధికారం ఒక పరిమితి దాకా ఆ కుర్చీకే ఉండాలి.

– కొందరు విశ్రాంత వ్యాయామ అధ్యాపకులు, గుంటూరు