పాకాల చిన్నాయన, పసుపు పూసిన బ్యాటరీ

తిరుపతి

రేయ్ సీనా,

జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు, తిట్టుకో. అమ్మ మోకాళ్లు అట్లే ఉన్నాయి, పాప పదో తరగతికి వచ్చింది, ఇంటాయన అద్దె పెంచాడు. మిగతావన్నీ మామూలే. అసలు సంగతి చెప్పకపోతే కడుపుబ్బిపోయేట్టుంది.

సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ కారు కొనాలనుంది, కానీ ఎనిమిదేళ్లకు దాని బ్యాటరీ పోతుందంట కదా, తర్వాత దాన్ని పూజగదిలో పెట్టుకోవాలా అని ఫోన్‌లో ఎకసెక్కాలాడావే, మా పాకాల చిన్నాయన నిజంగానే పెట్టాడురా! పూజగదిలో కాదు గానీ పసుపు, కుంకుమ, పైన నిమ్మకాయ, అన్నీ ఉన్నాయి.

మామిడికాయలు తెచ్చుకుందామని వెళ్లాను. సాయంత్రానికి గాలీవాన. లైను మీద చింతకొమ్మ విరిగిపడి ఊరంతా చీకటి, పొద్దున దాకా కరెంటు రాదన్నారు. సరిగ్గా పాలు పోసే వేళ. పాలకేంద్రం చిన్నాయన వరండాలోనే కదా, అందరూ క్యాన్లు పట్టుకుని వెనక్కి పోతారనుకున్నా. చూద్దునా, లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, వెన్నశాతం చూసే మిషను కుయ్‌మంటూ స్లిప్పులు కక్కుతోంది. ఒక అవ్వ స్లిప్పు కళ్ల దగ్గర పెట్టుకుని, "కరెంటు లేకపోయినా నా ఎనుముకు ఫ్యాటు తగ్గించేది మాత్రం మరిచిపోలేదు చూడు" అంది. నాకు నవ్వాగలేదు.

ఇన్వర్టర్ పక్కన మోకాలెత్తు ఇనుపపెట్టె. మూత తీస్తే పదహారు అల్యూమినియం సెల్స్, వరసగా, నడుమ రాగి పట్టీలు. యాక్సిడెంటయిన కారులోవంట. చిత్తూరులో సోలార్ పనులు చేసే కుర్రాడు బిగించాడు. మర్నాడు చూసిపోదామని వాడే వచ్చాడు, నేను వదుల్తానా!

"వారంటీ అంటే చావు తేదీ కాదన్నా" అన్నాడు. ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు అని కంపెనీలు రాసేది, అప్పటిదాకా కెపాసిటీ ఇంతకంటే పడదు అని ఇచ్చే మాట. ఎక్కువగా ఆ గీత 70 శాతం దగ్గర ఉంటుంది. అది దాటినంత మాత్రాన బ్యాటరీ చచ్చినట్టు కాదు, దూరం తగ్గుతుంది అంతే. ఈ సెల్స్‌ను ఒక్కోదాన్నీ నిండా ఛార్జ్ చేసి, ఖాళీ చేసి కొలిచాడంట. వరసలో ఏది బలహీనమో మొత్తం దాని మాటే వినాలి కాబట్టి, దగ్గర దగ్గరగా ఉన్నవే ఏరాడు. కొత్తలో అన్నీ కలిపి ఐదు యూనిట్లు పట్టేవి, ఇప్పుడు నాలుగు. పాలకేంద్రం గంటకు పావు యూనిట్ కూడా తినదు. ఇక నువ్వే లెక్కేసుకో.

మరి కారుకు ఎందుకు పనికిరావంటే, భాకరాపేట ఘాట్ ఎక్కేటప్పుడు కారు ముప్పై నలభై కిలోవాట్లు గుంజుతుంది, ఇక్కడ పావు కిలోవాట్. చిన్నాయన మధ్యలో దూరి, "తిరుమల ఘాట్‌లో బస్సు తోలినోడు రిటైరై బడి వ్యాను తోలినట్టు, అంతేరా" అన్నాడు. కుర్రాడి ఉపన్యాసం మొత్తం ఆ ఒక్క మాటలో అయిపోయింది.

ఇంటికొచ్చి రాత్రంతా చదివాను, మీ వదిన విసుక్కుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో యోహాన్ క్రైఫ్ స్టేడియం ఉంది కదా, అక్కడ 2018లో 148 నిస్సాన్ లీఫ్ ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీలు, వాడినవీ కొత్తవీ కలిపి, మూడు మెగావాట్ల నిల్వ పెట్టేశారు! నాకైతే మన అలిపిరి కరెంటు బస్సులు గుర్తొచ్చాయి. 2022 నుంచి కొండ ఎక్కి దిగుతున్నాయి, అంతంత బ్యాటరీలు రిటైరైన రోజున... సరే, అది తర్వాత.

కానీ ఒక్కటి నాకు నచ్చలేదు. ఆ పెట్టె పక్కనే వరిగడ్డి వామి! గుండె జారిపోయింది. బ్యాటరీకి కాపలా కాసే బీఎంఎస్ అనే సర్క్యూట్ ఉంది, ఛార్జింగ్ ఎక్కువైతే అదే కట్ చేస్తుంది, నిజమే. కానీ యాక్సిడెంట్ కారు సెల్స్‌లో లోపల ఏం దెబ్బ తగిలిందో బయటికి కనిపిస్తుందా? లిథియం బ్యాటరీ అంటుకుంటే ఆర్పడం మామూలు కష్టం కాదు. పైగా పాత ఇనుపసామాన్ల వాళ్లు మూడు నాలుగొందల వోల్టుల ప్యాకులను సుత్తి, ఉలితో విప్పుతున్నారంటే ఒళ్లు మండుతుంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారుడిది. చిన్నాయనతో పెద్ద గొడవే అయింది. చివరికి వామిని జరిపాడు, పెట్టెను కాదు! వాస్తు అంట.

ఇక నీ కారు. ఏడాది, కిలోమీటర్లు చూసి బేరమాడొద్దు. బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతముందో రిపోర్టు అడుగు. బ్యాటరీకి నీళ్ల కూలింగ్ ఉందా చూడు. పాత లీఫ్‌కు అది లేకనే 2012లో అమెరికాలో ఫీనిక్స్ ఎండకు కెపాసిటీ గబగబా పడిపోయి ఓనర్లు గోల చేశారు. మన రేణిగుంట ఎండ ఏం తక్కువా? ఎల్‌ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే ఎక్కువసార్లు ఛార్జింగ్‌కు ఓర్చుకుంటుంది, అప్పుడప్పుడూ నూరు శాతం నింపాలి కూడా. నికెల్ రకమైతే రోజూ 80 దగ్గర ఆపడం మేలు. ఎండలో నిండా ఛార్జ్ చేసి వదిలేశావో...

వ్యానువాడు హారన్ కొడుతున్నాడు, పాప దిగింది. మామిడికాయల బస్తా మీ అన్నతో పంపుతున్నా, బేనీషాలు ముందు తిను, అవి ఆగవు.

నీ ముని