చిత్తడి నేల పక్కన లాన్ ఉన్నవారికి

అందరికీ నమస్కారం. చిత్తడి నేలకు ఆనుకుని ఇళ్లున్నవాళ్లు వర్షాలు మొదలయ్యేలోపు దయచేసి ఇది చదవండి.

ముందు ఎరువు సంగతి. బస్తా మీద ఉండే మూడు అంకెల్లో మధ్యది భాస్వరానిది. మట్టి పరీక్షలో కొరత తేలితే తప్ప అక్కడ సున్నా ఉన్నదే కొనండి. వానకు కొట్టుకుపోయిన భాస్వరం నీళ్లలో నాచును విపరీతంగా పెంచుతుంది. ఆ నాచు చచ్చి కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ అయిపోయి చేపలు ఊపిరాడక తేలిపోతాయి. వాన వచ్చేలా ఉంటే ఆ రోజు చల్లకండి. సిమెంటు దారి మీద పడ్డ గుళికలను ఊడ్చి తిరిగి లాన్‌లో వేయండి, నీళ్లతో కడగొద్దు.

కోసిన గడ్డి, రాలిన ఆకులు కూడా అంచున పారబోయకండి. అదీ ఎరువే, చాలామందికి ఇది తట్టదు.

నీటి అంచున రెల్లు, తుంగ, పొదలు చిందరవందరగా ఉన్నాయని కొట్టేయాలనిపిస్తుంది. అవే మట్టిని పట్టి ఉంచి, వచ్చే మురికిని వడకడతాయి. ఆ మొక్కల పట్టీలో గడ్డి కోసే మోవర్ తిప్పకండి.

నేల చదును చేయడం, మట్టి పోయడం, గోడ కట్టడం లాంటి వాటికి చాలాచోట్ల ముందే అనుమతి కావాలి. నీటి అంచు నుంచి ఎన్ని అడుగులు వదలాలన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి పని మొదలుపెట్టకముందే స్థానిక కార్యాలయంలో అడగండి. కలుపు మందైతే నీటి దగ్గర వాడవచ్చని లేబుల్ మీద రాసి ఉన్నదే వాడాలి.