ఋషికుల్య ఒడ్డున మన పిల్లలు

తల్లిదండ్రులకు నమస్కారం.

మొన్న శనివారం ఆరు, ఏడు తరగతుల పిల్లల్ని ఒడిశా గంజాం తీరంలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట జాలరి పల్లెవాళ్లు నడుపుకుంటున్న ప్రకృతి కేంద్రానికి తీసుకెళ్లాం. సాయంత్రం ఐదింటికి రావలసిన బస్సు ఏడు దాటాక వచ్చింది. దారిలో టైరు పంక్చరైంది, చూస్తే స్టెప్నీలో కూడా గాలి లేదు. గేటు దగ్గర మీరెంత టెన్షన్ పడ్డారో చూశాను. బయల్దేరే ముందే అవన్నీ సరిచూసుకోవలసింది మేమే. క్షమించండి. ఇకపై బస్సులో వెళ్లే టీచర్ ఫోన్ నంబరు ముందురోజే మీకు ఇస్తాం.

కేంద్రం చూపించినాయన కూడా జాలరే. పిల్లలు ప్రశ్నలన్నీ ఒడియాలో రాసుకుని వెళ్లారు. ఆయనేమో బస్సు దిగగానే "ఏటి పిల్లలూ, టిఫిన్ తిన్నారా?" అన్నాడు. గంజాం తీరంలో చాలా జాలరి ఇళ్లలో తెలుగే మాట్లాడతారని మన పిల్లల్లో సగం మందికి తెలీదు. ఇక ఆయన అందరికీ మామ అయిపోయాడు.

ఆ ఒడ్డుకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయని మీకు తెలుసు. 2024లో గుంపు రానే లేదు. 2025 ఫిబ్రవరిలో ఆరున్నర లక్షలకు పైగా వచ్చాయి. ఒక్కో తాబేలు వంద గుడ్లకు పైనే పెట్టి, ఇసుకతో కప్పేసి, వెనక్కి చూడకుండా సముద్రంలోకి వెళ్లిపోతుంది.

కేంద్రం భవనం దగ్గర మాత్రం ఏడో తరగతి అమ్మాయి ఒకత్తి ఆగిపోయింది. సముద్రం వైపు గోడకు ఒక్క కిటికీ కూడా లేదు. గాలి కోసం మోకాలి ఎత్తున చిన్న జాలీ కన్నాలు, అంతే. "ఇంత దగ్గర సముద్రం పెట్టుకుని, అది కనపడకుండా ఎవరైనా ఇల్లు కడతారా మామా?" అని అడిగింది. ఆయన చెప్పింది ఇదీ: గుడ్లలోంచి తాబేలు పిల్లలు ఎక్కువగా రాత్రిపూటే పైకి వస్తాయి. చీకట్లో సముద్రం వైపు ఆకాశమే కాస్త వెలుగ్గా ఉంటుంది, ఆ వెలుగు పట్టుకుని నీళ్లలోకి పోతాయి. ఊరి వైపు దీపం వెలిగితే? "అదే సముద్రం అనుకుంటాది పిచ్చిది," అన్నాడాయన. అలా వెనక్కి నడిచిన పిల్ల కుక్కల నోట్లోనో కాకుల నోట్లోనో పడుతుంది, లేదంటే తెల్లారాక ఎండకి మాడిపోతుంది. అందుకే ఆ కిటికీల్లేని గోడ, అందుకే లోపలి బల్బులకు కింద వైపే వెలుగు పడేలా రేకు గొడుగులు. అరచేతిలో పట్టే ప్రాణి కోసం మనుషులు తమ ఇంటి ప్లాను మార్చుకున్నారు. ఇరవై రెండేళ్లుగా పాఠం చెబుతున్నాను, పర్యావరణం అనే మాటకు ఇంత సూటి అర్థం నేనెప్పుడూ చెప్పలేకపోయాను.

గోడ కూడా వేరేగా ఉంది. ఇటుకల్ని పడుకోబెట్టకుండా నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలి కట్టారు. మేస్త్రీలు ర్యాట్ ట్రాప్ బాండ్ అంటారు. కేరళలో వాస్తుశిల్పి లారీ బేకర్ ఈ పద్ధతిలో ఎన్నో ఇళ్లు కట్టి జనానికి అలవాటు చేశారు. మామూలు గోడకన్నా దాదాపు పావు వంతు ఇటుక తగ్గుతుంది, ఎండ వేడీ లోపలికి తొందరగా దిగదు. ఒక మూల గోడను కోసి చూపించడానికే వదిలేశారు. పిల్లలు వరసలో నిలబడి ఆ సందులో చెయ్యి పెట్టి "చల్లగా ఉంది మేడమ్" అని ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. నేనూ పెట్టి చూశాను. నిజంగానే చల్లగా ఉంది.

అక్కడ బోరు నీళ్లు ఉప్పన. తాగడానికి డాబా మీది వాన నీళ్లే తొట్టిలో పట్టుకుంటారు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. సోమవారం పిల్లలు బోర్డు మీద మన లెక్క వేశారు. మన కొత్త బ్లాకు డాబా 300 చదరపు మీటర్లు, జిల్లాలో ఏడాదికి సుమారు 1200 మిల్లీమీటర్ల వాన. అంటే 3,60,000 లీటర్లు. ఇప్పుడవన్నీ కాలవలోకి పోతున్నాయి. వానలు మొదలయ్యేలోగా పైపులు, తొట్టి కట్టించాలని ఉంది. మీలో తాపీ పని, ప్లంబింగ్ తెలిసినవాళ్లు ఒకసారి ఆఫీసుకు వచ్చి చూసి చెప్పండి.

ఇంకో సంగతి. తిరిగొచ్చేటప్పుడు ఒక బాబు జేబులో ఎండిపోయిన గుడ్డు పెంకులు రెండు దొరికాయి. తాబేలును పట్టుకున్నా, గుడ్డు తీసినా 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. వాడు మాత్రం వాళ్ల నాన్నమ్మకి చూపిద్దామనుకున్నాడు. తిట్టలేదు. తనే వెళ్లి ఇసుకలో పెట్టి వచ్చాడు. దయచేసి మీరూ ఇంట్లో వాడిని ఏమీ అనవద్దు.

గుడ్లు పెట్టిన 45, 50 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. పల్లె కుర్రాళ్లు ఊరి వైపు వల కట్టి, దారి తప్పినవాటిని బకెట్లలో ఏరి నీళ్ల దగ్గర వదులుతారు. ఏప్రిల్ రెండో వారంలో అది చూడటానికి తెల్లవారుజామున మళ్లీ వెళ్తున్నాం. ఈసారి ప్రతి విద్యార్థితో పెద్దవాళ్లు ఒకరు తప్పక రావాలి. నాన్నమ్మలూ తాతయ్యలూ వస్తే మరీ సంతోషం. ముదురు రంగు బట్టలు వేయండి. టార్చిలైటు పంపవద్దు, ఒడ్డు మీద మీ ఫోన్లు కూడా బయటికి తీయవద్దు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు